ఇద్దరు గౌరవస్థులు కావాలి

ఆ ఉదయం ఉరుకుందమ్మ తొందరగా ఉగ్గాణి చేసి, కూతురు యశోదను బళ్ళారి బస్సెక్కించి, తాను మిరప చేనికి పోవాలనుకుంది. యశోద బళ్ళారిలో లా చదువుతోంది. బొరుగులు నానేలోపే కురుగోడులోని ఆ వీధిలోకి పోలీసు జీపు వచ్చింది.

గని కాంట్రాక్టరు జగదీశ్ సెల్‌ఫోను ముందురోజు పోయింది. ఆయన వాకిలి ఊడ్చేది ఉరుకుందమ్మ కాబట్టి అనుమానం నేరుగా ఆమె గడపకే వచ్చింది.

"ఇల్లు సోదా చెయ్యల్ల," అన్నాడు ఎస్సై.

యశోద గడపకు అడ్డంగా నిలబడింది. "చెయ్యండి సార్. వారంటు లేదు కదా, ఎందుకు చేస్తాండారో ముందు రాయండి. ఈడుండే గౌరవస్థులు ఇద్దరు సాక్షులుగా రావల్ల. మా అమ్మను తడిమేదుంటే లేడీ పోలీసే చెయ్యల్ల."

ఎస్సై అప్పుడే ట్రైనింగు ముగించుకుని వచ్చినవాడు. ఆ పిల్ల చెప్పింది నిజమేనని తెలుసు. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టి, గౌరవస్థుల కోసం కానిస్టేబుల్ ఉచ్చెంగెప్పను జీపిచ్చి పంపాడు.

ఉచ్చెంగెప్ప మొదట పోయింది లారీల పద్మనాభ ఇంటికి. ఆ ఇంటి వెనక పర్మిట్ లేని ఇనుప ఖనిజం కుప్ప ఉంది.

"స్వల్ప బర్రీ సావ్కార్రే, ఒకసారి రాండి, ఎస్సై సార్ పిలుస్తాండాడు," అన్నాడు ఉచ్చెంగెప్ప.

ఎందుకని అడిగి ఉంటే గొడవ అక్కడే తీరేది. పద్మనాభ అడగలేదు. చొక్కా వేసుకొస్తానని లోపలికి పోయి పెరటి గోడ దూకాడు. దూకినవాడు ఊరుకోక, రైడ్ వచ్చిందని తెలిసినవాళ్ళందరికీ కబురు పెట్టాడు. పక్కింట్లో తలుపు వెనక నుంచి, "అయ్య దోణిమలై పోయినాడు," అని స్వయంగా అయ్యగారే చెప్పారు.

గంట తిరక్కముందే ఊళ్ళోని ఖనిజమంతా ట్రాక్టర్లెక్కి కాలువ వంతెన మీదికి చేరింది. జగదీశ్ ట్రాక్టరు బస్సుకు అడ్డంగా బోల్తా పడింది. రాస్తున్న కాగితం వదిలేసి ఎస్సై అక్కడికి పరుగెత్తాడు.

ట్రాక్టరు వెనకే వచ్చిన జగదీశ్ ఎస్సైని చూసి, "నా ఫోను దొరికినాదా సార్?" అన్నాడు, ఇంకేమనాలో తోచక.

ఎస్సై ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఒలికిన ఎర్రమన్ను లోపలి నుంచి రింగు వినిపించింది.

పర్మిట్ లేని ఖనిజం దొరికింది కాబట్టి ఇక జగదీశ్ ఇల్లు సోదా చేయాలి. ఉచ్చెంగెప్ప నడుచుకుంటూ ఉరుకుందమ్మ దగ్గరికొచ్చాడు. "యమ్మా, ఊళ్ళో తలుపు తీసుండేది మీదొక్కటే. గౌరవస్థులుగా మీరిద్దరూ రావల్ల."

జగదీశ్ బీరువాలోని గుడ్డలన్నీ నేలమీద పడితే చూడాలని దారిపొడవునా ఉరుకుందమ్మకు ఆశగానే ఉంది. తీరా పోయేసరికి ఆయన భార్య సౌందర్య గడపలో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నడుముకున్న తాళాల గుత్తి మీదికి ఉచ్చెంగెప్ప చేయి చాచాడు.

ఉరుకుందమ్మ మధ్యలోకి వచ్చింది. "చెయ్యి తియ్యప్పా. లేడీ పోలీసు రానీ."

"నీ మీద కంప్లెయింటు ఇచ్చింది వీళ్ళే కదమ్మా!"

"ఇచ్చినారు. అయితే రూలు నాకొకటి, ఆయమ్మకొకటి ఉంటాదా?"

వెనకే వచ్చిన ఎస్సై ఆ మాట విని బళ్ళారికి ఫోన్ చేశాడు. బళ్ళారి నుంచి లేడీ పోలీసు రావడానికి సాయంత్రమైంది. అందాకా గౌరవస్థులిద్దరూ వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. సౌందర్య కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా ఆ ఇంటి కాఫీ తాగడం ఉరుకుందమ్మకు అదే మొదలు.

చక్కెర కాస్త ఎక్కువైందని మొగమాటం లేకుండా చెప్పింది.