ఊ మామయ్య

శనివారం పొద్దున ఏడింటికి వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పదింటికి లైబ్రరీలోని పిల్లల గదికి తనిఖీ అధికారి వస్తాడు. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే సింహం కథను కథలత్త చెబుతుంది. భర్త పక్కన కూర్చుని ఊ కొడతాడు. పిల్లలు నవ్వుతారు, అధికారి సంతకం పెడతాడు, ఆ గదిలో ప్రతి శనివారం జరిగే కథల గంట బతుకుతుంది.

లేదంటే వచ్చే వారం నుంచి ఆ గదిలో విరిగిన కుర్చీలు పెడతారట. పిల్లలు ఎక్కడికైనా పోవచ్చు, విరిగిన కుర్చీలకు మాత్రం గది కావాలి. పై ఆఫీసుల్లో ఉండేవాళ్లకు కుర్చీల మీదున్న ప్రేమ అంతా ఇంతా కాదు.

ఏడుంబావుకు కథలత్త నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. అధికారిని మెప్పించాలని నిన్న సాయంత్రం సింహగర్జన నలభైసార్లు సాధన చేసింది. గర్జన కుదిరింది, గొంతు పోయింది.

"ఉప్పునీళ్లు పుక్కిలించు," అన్నాడు భర్త. పుక్కిలించింది. లాభం లేదు. నోటుపుస్తకం తీసి, 'కథ మీరు చెప్పండి' అని రాసి చూపించింది.

ఆయన చేతిలో టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "నేనా? నాది ఊ కొట్టే పనే కదా."

'పన్నెండేళ్లుగా వింటున్నారు కదా' అని కింద రాసింది.

అసలు తంటా అక్కడే ఉంది. ఊ కొట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు. భయపు ఊ, అనుమానపు ఊ, అయ్యో పాపం ఊ, తర్వాతేమైందనే ఊ, ఏ చోట ఏది పడాలో అదే పడేది. పిల్లలు ఆయనకు ఊ మామయ్య అని పేరు పెట్టుకున్నారు. కానీ ఈ పన్నెండేళ్లలో ఆయన ఒక్క కథా వినలేదు. ఆవిడ గొంతు ఎక్కితే ఒక ఊ, దిగితే ఒక ఊ, ఆగితే పెద్ద ఊ. మధ్యలో వంటింట్లో కారుతున్న కుళాయి గురించి ఆలోచించుకునేవాడు. ఈ సంగతి భార్యకు చెప్పడం కన్నా సింహం నోట్లో తల పెట్టడం తేలిక.

"సరే," అన్నాడు.

అధికారి పావుగంట ముందే వచ్చి, వెనక గోడ దగ్గర పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చున్నాడు. ఒక చేతిలో ఫారం, రెండో చెయ్యి దవడ మీద. మొహం ఆముదం తాగినట్టుంది.

"మన పని అయిపోయింది అన్నయ్యా," అంది లైబ్రేరియన్ గొంతు తగ్గించి. "వచ్చినప్పటి నుంచి ఆయన దవడ మీద చెయ్యి తియ్యలేదు. ఏదీ నచ్చినట్టు లేదు."

ఊ మామయ్య ముప్పైమంది పిల్లల ముందు నిలబడ్డాడు. కథలత్త ఓ పక్కన, సైగలకు సిద్ధంగా ఉంది.

"అనగనగా ఒక అడవి." ఇంతవరకు ధైర్యంగానే చెప్పాడు.

"ఊ," అన్నారు పిల్లలు.

"ఆ అడవిలో ఒక..." భార్య వైపు చూశాడు. ఆవిడ తల చుట్టూ వేళ్లు విప్పి జూలు చూపించింది. "ఒక జుట్టు విరబోసుకున్న మనిషి."

"సింహం మామయ్యా."

"ఆ, సింహమే. ఆ సింహం..." ఆవిడ దవడ పట్టుకుని బాధగా ఊగింది. "...దిగులుగా కూర్చుంది."

"దిగులు కాదు, పన్ను నొప్పి," అంది ముందు వరుసలోని రెండు జడల పిల్ల. "పోయిన నెల అత్త చెప్పింది కదా. నువ్వు పక్కనే ఉన్నావు. ఊ అన్నావు కూడా."

కథలత్త సైగలు ఆగిపోయాయి. ఆవిడ భర్తను చూసిన చూపుకు గోడ సున్నం రాలాలి.

"నొప్పి ఎందుకొచ్చింది?" అని అడిగాడు ఆయన. నిజంగానే తెలియదు. మొదటిసారి తెలుసుకోవాలని కూడా అనిపించింది. పెద్దవాళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగేది జవాబు జేబులో పెట్టుకునే. ఈ ప్రశ్న అలాంటిది కాదని పిల్లలు ఇట్టే పసిగట్టారు.

"పుచ్చిపోయింది."

"డాక్టరు కొంగ నోరు చూసి పారిపోయింది."

"ఊ?" అన్నాడాయన. అనుమానపు ఊ.

ఇక వాళ్లను ఆపేదెవరు. "అప్పుడు చీమ వచ్చి నోట్లోకి వెళ్తుంది," అంది జడల పిల్ల.

"అమ్మో. మింగేస్తే?"

"మింగదు. ఉండు, చూపిస్తాం. ఒక సింహం కావాలి." గదంతా కలియజూసింది. దవడ పట్టుకుని మొహం మాడ్చుకుని ఉన్నది ఒక్కరే. "అదిగో."

లైబ్రేరియన్ అడ్డం పడేలోపు ముప్పైమందీ అధికారి చుట్టూ మూగారు.

"నోరు తెరువు తాతయ్యా."

"నేను తనిఖీకి వచ్చిన..."

"సింహం మాట్లాడదు. తెరువు."

తెరిచాడు. జడల పిల్ల లోపలికి వంగి అటూ ఇటూ చూసింది. "ఊ మామయ్యా, నిజంగానే ఉంది. ఎడమ పక్క, చివర. నల్లగా పుచ్చిపోయింది."

లైబ్రేరియన్ పుస్తకాల బీరువా పట్టుకుని నిలబడింది.

"మూడు రోజులైంది," అన్నాడు అధికారి నెమ్మదిగా. "ఇంట్లో చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి లాక్కుపోతారు. నాకు భయం."

"ఊ..." అన్నాడు ఊ మామయ్య. అయ్యో పాపం ఊ. విని కొట్టిన ఊ. దాంతో అధికారి కట్ట తెగింది. చిన్నప్పుడు పన్ను పీకించుకోకుండా మంచం కింద దాక్కున్న దగ్గర్నుంచి అంతా చెప్పుకొచ్చాడు. పిల్లలు చుట్టూ కూర్చుని ఊ కొట్టారు. కథల గంట గంటన్నర అయింది.

"భయపడకు. చీమ కన్నా డాక్టరే నయం," అని జడల పిల్ల ధైర్యం చెప్పింది.

అధికారి ఫారం తీసి, 'కథల గంట కొనసాగించవలెను, కుర్చీలకు వేరే చోటు చూడవలెను' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఊ మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఏమీ తెలియనట్టు అడిగి పిల్లల చేత చెప్పించారు చూడండీ, అది విద్య. మిగతా లైబ్రరీల వాళ్లకూ మీరే నేర్పాలి. ఎన్నాళ్ల సాధన?"

ఊ మామయ్య భార్య వైపు చూశాడు. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"పన్నెండేళ్లండి," అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంటికి వెళ్లే బస్సులో ఆయన నోరు ఆగలేదు. "నీ కథ ఎంత బాగుందోయ్. ఆ చీమ లోపల ఏం చేసిందో పూర్తిగా వినాలి. ఇకనుంచి ప్రతి మాటా వింటాను, ఒట్టు. కుళాయి కూడా బాగు చేయించేస్తాను, దాని ఆలోచనే ఉండదు."

"ఊ," అంది ఆవిడ. గొంతు పోయినా అదొక్కటి పలుకుతోంది. పడాల్సిన చోటల్లా పడుతోంది కూడా. ఆయన ఉత్సాహం రెట్టింపైంది. నాలుగు స్టాపులు దాటాక ఎందుకో అనుమానం వచ్చింది.

"ఇంతకీ ఇప్పుడు నేనేమన్నాను?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊ," అంది.