ఇస్త్రీ బల్ల మీద ఈత

నవ్వనని మాటిస్తే చెబుతాను. అదిగో, అప్పుడే నవ్వుతున్నారు! సరే, మా అపార్ట్‌మెంటంతా ఎలాగూ నవ్వేసింది, మీరూ కానివ్వండి.

మా అపార్ట్‌మెంట్లో ఒక చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా పెద్దవాళ్ళ బ్యాచ్. ఇంటికి ఒక్కరికే చోటు. అదీ ఊరికే కాదు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆగకుండా ఫ్రీస్టైల్ కొట్టి చూపించాలి. నెల తర్వాత ఆదివారం పరీక్ష, ఈలోగా పగలు ఎవరైనా వచ్చి సాధన చేసుకోవచ్చు అని కోచ్ నోటీసు అంటించాడు.

ఆరు నుంచి ఏడున్నర! నా కళ్ళు చెమర్చాయి. మా అమ్మాయిని నిద్ర లేపడం, మూడు లంచ్ బాక్సులు సర్దడం, యూనిఫాం ఇస్త్రీ, కనబడని రెండో సాక్సు కోసం వెతుకులాట, అన్నీ సరిగ్గా ఆ గంటన్నరలోనే జరుగుతాయి. ఈ మధ్య మా ఆవిడ అందులో సగం నా నెత్తిన పెట్టింది. చోటు దొరికితే ఏడున్నరకి తల తుడుచుకుంటూ వచ్చి, బాక్సు అందుకుని ఆఫీసుకి పోవచ్చు.

"వెన్నునొప్పికి ఈత మంచిదన్నాడు డాక్టరు," అన్నాను ఆ సాయంత్రం.

"ఏ డాక్టరు?"

"అందరు డాక్టర్లూ అదే అంటారు."

"ఆఫీసు నుంచి వచ్చాక ఈదొచ్చుగా?"

"సాయంత్రం నా వెన్ను బాగానే ఉంటుంది. పొద్దున ఆరింటికే పట్టేస్తుంది."

"తెలుసు. ఇస్త్రీ పెట్టె చేతికివ్వగానే," అంది.

అయినా సరేనంది. పైగా సాయం కూడా చేస్తానంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పుల కింద ఎర్రగీతలు గీసి బతుకుతున్నవాణ్ణి. పదిమంది ముందు నీళ్ళలో తప్పులు చేస్తానా? ప్రూఫు శుభ్రమయ్యాకే అచ్చుకి పంపాలి. కాబట్టి ఈత మొత్తం ఇంట్లోనే నేర్చుకుని, పరీక్ష రోజే నీళ్ళలో దిగాలని తీర్మానించాను. చిన్నప్పుడు కాలవలో తల పైకెత్తి కుక్క ఈత కొట్టాను కనుక మునుగుతానన్న భయం లేదు.

"నేల విడిచి సాము చేసేవాళ్ళని చూశాను గానీ, నీళ్ళు విడిచి ఈత కొట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అంది మా ఆవిడ.

ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఈత ఎలా కొట్టాలో కోచ్ రాసిచ్చిన కాగితం పట్టుకుని రోజూ పాఠం చెప్పినట్టు చదివేది. నేను ఇస్త్రీ బల్ల మీద బోర్లా పడుకుని చేతులాడించేవాణ్ణి.

"తల ఎత్తకూడదు. చూపు అడుగున ఉండాలి. చేయి ముందుకి చాచాక మోచేయి పైనే ఉంచి నీళ్ళని వెనక్కి తోయాలి. కాళ్ళు మోకాలి నుంచి కాదు, తుంటి నుంచి ఆడాలి."

తుంటి నుంచే ఆడించాను. అటకకి చేరేసిన నిచ్చెన పడింది.

"ఊపిరి నీళ్ళలో వదలాలి. తలతో పాటు ఒళ్ళూ పక్కకి తిరగాలి. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పీల్చాలి."

"ఎడమవైపు గోడ ఉంది."

"పూల్లో ఉండదుగా?"

"నువ్వు చదువు. వ్యాఖ్యానం అక్కర్లేదు."

ఆ గోడ మూలంగా నా ఎడమచేయి జానెడు సాగేది, కుడిచేయి బారెడు సాగేది. ఊపిరి మాత్రం హాయిగా కుడివైపే ఆడేది.

ఊపిరి వదలడం సాధన చేయాలి కదా, నీళ్ళున్న బకెట్ కనిపిస్తే అందులో తల పెట్టాను. సాక్సులు సబ్బునీళ్ళలో నానేసిన బకెట్ అది.

"అమ్మా! నాన్న నురగ కక్కుతున్నారు!" అని మా అమ్మాయి కేక పెట్టింది.

"సాక్సులు రెండూ ఉన్నాయేమో చూడమను," అంది మా ఆవిడ వంటగదిలోంచి.

ఆదివారం వచ్చింది. గట్టు మీద జనం. నీళ్ళలోకి దూకాను. ఆహా! తల కిందికి, మోచేయి పైకి, కుడివైపు ఊపిరి. అక్షరం పొల్లుపోలేదు. నలభై చేతులు వేశాక గట్టు తగిలింది. గెలిచానని చేయి పైకెత్తాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎదురుగా నా తువ్వాలు, నా చెప్పులు.

"అయ్యా," అన్నాడు కోచ్ ఈల నోట్లోంచి తీసి, "మీరు బయల్దేరిన గట్టే ఇది. గుండ్రంగా తిరిగొచ్చారు."

బారెడు కుడిచేయి, జానెడు ఎడమచేయి నన్ను గిర్రున తిప్పి తెచ్చి చెప్పుల దగ్గరే దింపాయి. ఈసారి చప్పట్లు బాగానే పడ్డాయి.

"ఈ ఇంటి నుంచి ఇంకెవరైనా ఉన్నారా?" అనడిగాడు కోచ్.

"ఉన్నానండీ," అంటూ మా ఆవిడ వచ్చింది. నెత్తిన టోపీ, కళ్ళకి అద్దాలు.

చప్పుడు లేకుండా నీళ్ళలో దిగింది. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఊపిరి. గీత గీసినట్టు వెళ్ళి అవతలి గట్టు ముట్టుకుంది. "ఇరవై ఆరు చేతులు," అని తనే లెక్క చెప్పింది.

"ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాను వణుకుతూ.

"స్కూలయ్యాక రోజూ నాలుగింటికి వచ్చేదాన్ని. రాత్రి మీకు చదివింది మర్నాడు సాయంత్రం నీళ్ళలో చేసి చూసేదాన్ని. మీరు చేసే తప్పులు చేయకపోతే చాలనుకున్నా."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పాను. వ్యాఖ్యానం వద్దన్నారు." అద్దాలు తీసి నీళ్ళకేసి చూసింది. "పన్నెండేళ్ళయింది, పొద్దున ఆరింటికి ఎవరూ అమ్మా అనీ, ఏమేవ్ అనీ పిలవని చోట నేను ఉండి. రేపటి నుంచి ఉంటాను."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. కానీ సిగ్గుపడితే లంచ్ బాక్సులు నిండవు కదా.

ఇప్పుడు కోచ్ కాగితం మా వంటగది గోడకి అంటించి ఉంది. దాని వెనకవైపు మా ఆవిడ లంచ్ బాక్సుల పాఠం రాసింది. ఆవిడ ఏడున్నరకి తల తుడుచుకుంటూ వచ్చి బాక్సు అందుకుని వెళ్తుంది. నేను కుడి పొయ్యి మీద గుడ్లు, ఎడమ పొయ్యి మీద కూర పెట్టి, కాగితం చూసుకుంటూ అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాను.

"నాన్నా," అంటుంది మా అమ్మాయి రోజూ, "కాస్త ఎడమవైపు కూడా చూడండి. కూర మాడుతోంది."