స్టీరింగ్ పైపు కారితే కాపురానికి మేలు

మీ కారు పవర్ స్టీరింగ్ పైపు కారుతోందా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు! దయచేసి మెకానిక్ దగ్గరికి తీసుకుపోకండి. ఇంటి ముందే నిలబెట్టి మేమే బాగుచేసుకుంటాం అని ఇంట్లో మగవాళ్లు అంటే అడ్డం చెప్పకండి. ముంబై పక్కన మగ్గాల ఊరు భివండిలో మా గల్లీ మీద ఒట్టేసి చెబుతున్నాను, కాపురానికి ఇంత మేలు చేసే జబ్బు కారుకి ఇంకొకటి రాదు.

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ముందు ఆరోగ్యం సంగతి చూద్దాం. పైపులో ఆయిల్ సరిగ్గా ఉన్నంతకాలం స్టీరింగ్ ఇట్టే తిరుగుతుంది. అదేం బతుకండీ? ఆయిల్ కారిపోయాక చూడాలి దాని మహిమ! వరాలా తలావ్ దగ్గర మలుపు తిప్పేసరికి మా ఆయన స్వప్నిల్ చెమటతో తడిసి ముద్దయ్యేవాడు. తలావ్ ఒడ్డున పొద్దున్నే చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్లను చూస్తే నాకు జాలేసింది. కూర్చున్నచోటే కసరత్తు దొరికే యోగం వాళ్లకేది?

బంధువుల బెడద కూడా తగ్గింది. అంతకుముందు పెళ్లికొకడు, చావుకొకడు వచ్చి కారు అడిగేవాడు. ఇప్పుడు ఒకసారి తీసుకుపోయినవాడు మళ్లీ మా గల్లీ మొహం చూడటం లేదు. పార్కింగ్ తగాదాలూ తీరిపోయాయి. ఎర్రటి ఆయిల్ మడుగు కట్టిన చోట ఎవడు మాత్రం బండి పెడతాడు?

ఇక నా సంగతి. టెంఘర్ వైపు ఒక స్కూల్లో నేను టీచర్‌ని. రోజూ షేర్ ఆటోలో, ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగో మనిషిగా, ఒక కాలు లోపల, ఒక కాలు గాలిలో పెట్టుకుని పోతాను. ఇంట్లో కారు ఉంది కదా, నేనే నడుపుకుంటూ స్కూలుకి పోవాలని నా కోరిక. లెర్నింగ్ లైసెన్స్ తీసుకున్నాను. టెస్టు దగ్గర పడింది, ప్రాక్టీసుకి బండి ఇమ్మని మా ఆయనను అడిగాను.

ఆయన వద్దనలేదు! అలా అనే మొగుడు కాదు. చదువుకున్నవాడు. మహిళా దినోత్సవం నాడు గులాబీల బొమ్మతో సహా ఊరందరికీ వాట్సాప్ మెసేజ్ పంపేవాడు.

"నీకియ్యక ఎవరికిస్త పూనం? గానీ స్టీరింగ్ మస్తు టైట్ ఉంది. ఆడోళ్ల చేతులతోని కాదు. ముందుగాల పైపు బాగుచేస్త. అటెన్క బండి నీదే," అన్నాడు.

ఎంత మర్యాదో చూశారా! నేను మురిసిపోయి, "అయితే కొత్త పైపు కొని వేయించు" అనేశాను. అనకూడని మాట! మా మామ బుచ్చిరాములు మంచం మీంచి లేచి కూర్చున్నాడు. ఆయన పవర్‌లూమ్ షెడ్డుల్లో జాబర్, అంటే మగ్గాలు మొరాయిస్తే దారికి తెచ్చే మనిషి.

"ఏంది బిడ్డా, గింత పైపుకు బయటోని చెయ్యి పెట్టియ్యాల్నా? మగ్గం సప్పుడు ఇని దాని రోగం జెప్పేటోన్ని నేను!"

మగ్గాలు బంద్ ఉండే శుక్రవారం పని మొదలైంది. బానెట్‌కి పసుపు కుంకుమ పెట్టారు, టైరు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. గల్లీ మగవాళ్లందరూ వచ్చారు. ఒకరు కారు కింద దూరితే, ఇద్దరు బానెట్‌లో తల పెట్టారు, మిగతావాళ్లు సలహాలు చూసుకున్నారు. పక్కింటి అంకుశం టార్చిలైటు పట్టుకున్నాడు. అది మిట్టమధ్యాహ్నం.

మగ్గం మీద పోగు తెగితే ఎవరైనా నూలు చుట్టిన బీము మొత్తం మారుస్తారా? ముడేస్తారు. మా మామకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. కారుతున్న చోట పైపు కోసి పారేశాడు. రెండు కొసల మధ్య ఇనుప గొట్టం ముక్క దూర్చి, క్లాంపులు బిగించి, దాని మీద నైలాన్ నూలు వరసగా చుట్టి ముడి వేశాడు. ముడి చూడముచ్చటగా ఉంది, అది నేను కాదనను. కానీ ఆ పైపులో ఆయిల్ ఎంత జోరుగా పోతుందో అక్కడున్న మేధావుల్లో ఒక్కరైనా అడిగితే కదా! తర్వాత మగ్గాలకు పోసే ఆయిల్ డబ్బా తెచ్చి దాంట్లో పోశారు. మిషన్ ఏదైనా మిషనే కదా అన్నారు.

ఇంజన్ స్టార్ట్ చేయగానే కారు దున్నపోతులా మూలిగింది. "లోపల గాలి చేరింది, ఆపండి" అని అరిచాను. ఫోన్‌లో వీడియో చూసి పెట్టుకున్నాను లెండి. "మిషన్ అన్నంక సప్పుడు చెయ్యదా?" అన్నాడు మామ. షెడ్డు మోతలో సగం చెవులు పోగొట్టుకున్న పెద్దలందరూ తలలూపారు. ఆ మూలుగు వాళ్లకు కమ్మగానే వినిపించింది.

మా ఆయన స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పాడు. అంతే! ముడి చెక్కు చెదరలేదు. పైపు మాత్రం ఊడి వచ్చింది. ఆయిల్ ఎగజిమ్మి అంకుశం ముఖం మీద, కొబ్బరి చిప్పల్లో, మా అత్త ఆరేసిన దుప్పట్ల మీద పడింది. గల్లీ అంతా పడీ పడీ నవ్వింది. మెకానిక్ దగ్గరికి పోతే ఇంత ఐకమత్యం దొరుకుతుందా?

అలా ప్రతి శుక్రవారం ఒక కొత్త ముడి, ఒక కొత్త స్నానం. నా టెస్టు తేదీ మాత్రం వీళ్ల ముడుల కోసం ఆగదు కదా! ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరి, వాళ్ల కారు మీదే నేర్చుకుని, వాళ్ల కారులోనే టెస్టుకి పోయి పాసయ్యాను. ఇంట్లో మగవాళ్లెవరూ గమనించలేదు. అందరూ కారు కింద ఉన్నారు.

చివరికి మా అత్త వెంకవ్వకు ఓపిక నశించింది. "రేపటికల్లా కొత్త పైపు తేకుంటే మీకు బువ్వ బంద్!" అంది. మర్నాడే కొత్త పైపు వచ్చింది, కారుకు పోయాల్సిన ఆయిలే వచ్చింది. తండ్రీ కొడుకులు బిగించారు, పైపులో చేరిన గాలి తీశారు. స్టీరింగ్ ఎంత సుతారంగా తిరిగిందంటే, అన్ని శుక్రవారాలు ఈ పని ఎందుకు చేయలేదో దేవుడికే తెలియాలి.

నేను నా లైసెన్స్ కార్డు తెచ్చి చేతిలో పెట్టి, ఇక బండి ఇమ్మన్నాను. మా ఆయన స్టీరింగ్ అటోసారి, ఇటోసారి తిప్పి చూశాడు. మొహం చిన్నబోయింది.

"అగో, గిప్పుడు మరీ అల్కగైంది పూనం. జర ముట్టుకుంటెనే తిరుగుతున్నది. ఆడోళ్లకు కంట్రోల్ కాదు. టైట్ ఉన్నప్పుడే నేర్చుకుంటే మంచిగుండు," అన్నాడు. తర్వాత కార్డు తిప్పి చూసి, "ఫోటో మంచిగొచ్చింది. ఐడీ ప్రూఫ్‌కు పనికొస్తది" అని నాకే తిరిగి ఇచ్చాడు.

ఇప్పుడర్థమైందా, కారే పైపును నేనెందుకు వరమంటున్నానో? అది కారినన్నాళ్లు తప్పంతా పైపుదేనని నమ్మి హాయిగా ఉన్నాను. బిగుసుకుంటే ఆడదానికి బలం చాలదట, తేలికైతే ఆడదానికి అదుపు చాలదట! మరి ఆడదాని చేతికి సరిపడే స్టీరింగ్‌ను ఏ కంపెనీ తయారుచేస్తోంది? అడిగితే ఆ గులాబీల మెసేజ్ వీరుడు టీవీ సౌండ్ పెంచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇవాళ కూడా షేర్ ఆటోలోనే పోయాను. కొత్త పైపు వేసిన కారు ఇంటి ముందు ఎండలో నిలబడి ఉంది. దాని తాళంచెవి మా ఆయన చొక్కా జేబులో భద్రంగా ఉంది, ఎవరికీ దొరకదని ఆయన ధీమా.

ఆ చొక్కా ఉతికేది నేనే.