ఎవరికీ చెప్పకూడని ప్రయాణం

బుధవారం పొద్దున్న రొట్టె ముక్కను ఆలివ్ నూనెలో ముంచుతూ ఘాలిబ్ ఇంట్లోవాళ్లకు ఆఖరి హెచ్చరిక చేశాడు.

"శుక్రవారం తెల్లారగట్ల విమానం. మంగళవారానికి తిరిగొచ్చేస్తాం. వెళ్లేది నలుగురం. విమానం ఎక్కేదాకా ఈ సంగతి గడప దాటకూడదు."

భార్య ఇబ్తిసామ్ తలూపింది. కాలేజీలో చదివే కూతురు లుజైన్ ఫోన్లోంచి చూపు తిప్పకుండానే తలూపింది. అమ్మ హాజా ఫిద్దా మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, "మనమేమైనా దొంగతనానికి పోతున్నామా?" అంది.

"దొంగతనానికైతే నలుగురమే పోవచ్చమ్మా. ప్రయాణమంటే అతల్లా అన్న వస్తాడు."

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. రెండేళ్ల కిందట అమ్మకు అకబా సముద్రం చూపిద్దామని ఘాలిబ్ బయలుదేరితే, పెద్దమ్మ కొడుకు అతల్లాకు ఆ కబురు అందింది. తెల్లారేసరికి వాకిట్లో రెండు మినీబస్సులు, బొగ్గుల పొయ్యి, పుచ్చకాయల గుట్ట, ముగ్గురు చంటిపిల్లలు సిద్ధంగా ఉన్నారు. హాజా సముద్రాన్ని చూసిందో లేదో గానీ చంటిపిల్లల్ని మాత్రం బాగానే చూసుకుంది.

ఈసారి వెళ్తున్నది షికారుకు కాదు. హాజా తాత అవ్వాద్‌ను మొదటి ప్రపంచ యుద్ధంలో, అప్పట్లో ఏలుతున్న సుల్తాను సైనికులు తమ ఊరు అజ్లూన్‌లోని అతని పొలంలోంచే పట్టుకుపోయారు. దూరదేశంలోని చనక్కలే యుద్ధానికి పంపారని ఎవరో చెప్పారు. అంతే, ఆ తర్వాత మనిషీ రాలేదు, కబురూ రాలేదు. అప్పటికి పాలు తాగే వయసులో ఉన్న అతని కొడుకే హాజా తండ్రి. ఆయన జబ్బు చేసి మంచం పట్టాక కూతురి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "మా నాన్న ఎక్కడ పడుకున్నాడో వెతికి, నా తరఫున ఒక్క ఫాతిహా ప్రార్థన చదువమ్మా." హాజా మాటిచ్చింది. ఆ మాట ఇచ్చాక ఆమె పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, హజ్ చేసి వచ్చింది, ఎనభయ్యో ఏట పడింది. మాట మాత్రం తీరలేదు. పోయిన చలికాలం లుజైన్ ఆ యుద్ధభూమిలోని స్మారక శిలల ఫోటోలు తిరగేస్తూంటే ఒక రాతి మీద అజ్లూన్ పేరూ, దాని పక్కన అవ్వాద్ పేరూ కనిపించాయి. హాజా ఫోన్‌ను కళ్లకద్దుకుని ముద్దు పెట్టుకుంది. ఆమె మోకాళ్లు చూసిన డాక్టరు, వెళ్లదలిస్తే ఈ ఏడే వెళ్లమన్నాడు.

"ఒక పని చెయ్యి నాయనా," అంది హాజా. "మా తాతకి స్నానం లేదు, శవం ముందు చదివే జనాజా నమాజు లేదు, గుడారం వేసి పెట్టే పరామర్శ లేదు. అక్కడికెళ్లి ఏం చదవాలో షేక్ గారిని కనుక్కుని రా. అడగడానికి కూడా భయమైతే నేనే పోతా."

అమ్మ పోతే ఊరంతా ప్రయాణమవుతుందని ఘాలిబ్‌కు తెలుసు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని తనే మసీదుకు వెళ్లి, జనం పలచబడేదాకా కాచుకుని, షేక్ మున్జిర్‌ను స్తంభం చాటుకు పిలిచాడు.

"షేక్ గారూ, ఒకాయన పరాయిదేశంలో పోయాడు. మా మనిషే. జనాజా నమాజు కూడా లేదు. ఇంటివాళ్లు ఏం చదవాలి?"

షేక్ ముఖం పాలిపోయింది. "ఇన్నాలిల్లాహ్! ఎవరు పోయారు, అబూ లుజైన్?" అని లుజైన్ తండ్రిని ఊరి పద్ధతిలో కూతురి పేరుతో పిలిచి అడిగాడు.

"ఇప్పుడేం చెప్పలేను. శుక్రవారం వెళ్తున్నాం. దయచేసి ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి."

"మరి హాజాకి?"

"అమ్మకి అన్నీ తెలుసు గానీ, ఆవిడ దగ్గర మాత్రం ఎత్తకండి. ఎత్తితే ఇక ఆపలేం."

షేక్ కళ్లొత్తుకుని ఏం చదవాలో చెప్పాడు, ఘాలిబ్ భుజం రెండుసార్లు తట్టాడు. అంత చిన్న ప్రశ్నకు అంత పెద్ద ఓదార్పు ఎందుకో ఘాలిబ్‌కు అర్థం కాలేదు. మంచి మనిషి అనుకున్నాడు. షేక్ నిజంగానే మంచి మనిషి, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంటికెళ్లి భార్యతో "అబూ లుజైన్ ఇంటికోసం దువా చెయ్యి, శుక్రవారం పరాయిదేశం పోతున్నారు, ఎందుకని అడక్కు" అన్నాడంతే.

ఎందుకని అడగొద్దంటే ఊరుకునే ఆడమనిషి అజ్లూన్‌లో ఇంకా పుట్టలేదు. ఆమె ఘాలిబ్ పక్కింటి ఉమ్మ్ రాకాన్‌ను అడిగింది. ఉమ్మ్ రాకాన్ పుదీనా అడగడానికని వచ్చి తలుపు కొట్టింది. రాత్రంతా పెట్టెలు సర్దిన ఇబ్తిసామ్ ఎర్రటి కళ్లతో తలుపు సందులోంచి తొంగిచూసింది.

"ఏమ్మా, అంతా క్షేమమేనా?"

"క్షేమమే అక్కా, ఏం లేదు, అసలేమీ లేదు," అంటూ ఇబ్తిసామ్ తడబడింది. "మీకెవరు చెప్పారు? చూడక్కా, మా అత్తయ్య ముందు మాత్రం నోరెత్తకు. నీకు పుణ్యముంటుంది."

ఇంక ఉమ్మ్ రాకాన్‌కు పుదీనా అక్కర్లేకపోయింది. ఆ ఊళ్లో ముసలితల్లి దగ్గర దాచే సంగతి ఒక్కటే ఉంటుంది. ఈ ఇంటివాళ్లలో పరాయిదేశంలో ఉన్నదీ ఒక్కడే, కువైట్‌లో ఉంటున్న ఘాలిబ్ తమ్ముడు నవ్వాఫ్. ఉమ్మ్ రాకాన్ కొడుకు రాకాన్ వెంటనే నవ్వాఫ్‌కు ఫోన్ చేశాడు. నూనెశుద్ధి కర్మాగారంలో డ్యూటీకి దిగితే ఫోన్ బయట పెట్టాలి గనక అది మోగి మోగి ఊరుకుంది. ఇటు చూస్తే బజార్లో ఘాలిబ్ దీపాల దుకాణం మూసి ఉంది, "కుటుంబ కారణాల వల్ల వారం రోజులు సెలవు" అని దాని మీద కాగితం ఉంది. ఇక నవ్వాఫ్ పోయాడనడంలో అనుమానానికి తావెక్కడిది?

గురువారం పొద్దున్నుంచీ చుట్టాలు రావడం మొదలైంది. ఒక్కొక్కరూ వచ్చి హాజా తల మీద ముద్దు పెట్టుకోవడం, ఆమె పక్కన కూర్చుని నిట్టూర్చడం, వెంట తెచ్చిన మాంసం పళ్లెం వంటింట్లో పెట్టి వెళ్లడం. నోరు విప్పి విషయం చెప్పినవాళ్లు లేరు.

"వీళ్లకేమైందే? నా మోకాళ్ల సంగతి డాక్టరు అందరికీ చెప్పాడా ఏమిటి?" అని హాజా కోడల్ని అడిగింది.

ఘాలిబ్‌కు మాత్రం అంతా అర్థమైపోయింది. ప్రయాణం గుట్టు బయటపడింది, తమను పిలవలేదని వీళ్లు మొహాలు వేలాడేసుకుని సాధిస్తున్నారు. సరిగ్గా అప్పుడే అతల్లా వచ్చి అతన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"మాకెందుకు చెప్పలేదురా? ఒక్కడివే గుండెల్లో పెట్టుకుని కుములుతున్నావా?"

"చెప్పకూడదని కాదన్నా. పెద్ద విషయమేం కాదు."

అతల్లా ఒక్కడుగు వెనక్కి వేసి అతని ముఖంలోకి చూశాడు. "పెద్ద విషయం కాదా? సరే, శుక్రవారం నేనూ వస్తా. మనవాళ్లందరం వస్తాం."

"వద్దన్నా. నలుగురం చాలు."

"నలుగురు మొయ్యలేర్రా!"

"సామాను తక్కువే అన్నా. రెండు పెట్టెలు."

అతల్లా వాకిట్లోకి వెళ్లి అక్కడున్నవాళ్లతో, "పాపం, వాడికి మతి చలించింది. ఏర్పాట్లు మనమే చూసుకోవాలి," అన్నాడు.

మధ్యాహ్నం ఘాలిబ్ అమ్మ మందుల కోసం ఇర్బిద్ పట్నం వెళ్లాడు. సాయంత్రపు అసర్ నమాజు వేళకు తిరిగొచ్చేసరికి ఇంటి ఎదుటి ఖాళీ స్థలంలో పెద్ద గుడారం లేచింది. కుర్చీలు అద్దెకిచ్చే అబూ షహాదా వరసలు సర్దుతున్నాడు. కాఫీ కూజాలు బొగ్గుల మీద కాగుతున్నాయి. ఎవరో పోయారన్నమాట! ఊరికి వెళ్లే ముందు పక్కవాళ్ల పరామర్శకు పోకపోతే బాగుండదని ఘాలిబ్ మందుల సంచీతోనే లోపలికి అడుగుపెట్టాడు. లోపలున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. బజారులో ఇంత గౌరవం ఎప్పుడూ దక్కని ఘాలిబ్ మొహమాటపడుతూ వరసలో అందరి చేతులూ పట్టుకున్నాడు. "దేవుడు నీకు ఓర్పునివ్వాలి" అంటే "మీకూ ఇవ్వాలి" అని చెబుతూ పోయాడు. అతన్ని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. చేతికి చేదు కాఫీ కప్పు వచ్చింది.

అది తాగి, పక్కనున్న అబూ షహాదా చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు. "ఇంతకీ పోయిందెవరు?"

అబూ షహాదా బొటబొటా కన్నీళ్లు కార్చి, "కుర్చీలకు ఒక్క దీనారు తీసుకుంటే ఒట్టు," అన్నాడు.

ఇంటి లోపల హాజాకు కూడా గుడారం కనబడింది. ఎవరో దూరపువాళ్లని ఆడవాళ్లు సర్దిచెప్పారు. "దూరపువాళ్లయితే మాత్రం? మన వాకిట్లో ఉన్నారు కదా," అని ఆమె తన ఇంటి కూజాతో కాఫీ కాచి పంపించింది. ఆ కాఫీ చూసి గుడారంలో ఇద్దరు ముసలివాళ్లు ఏడ్చారు.

అటు కువైట్‌లో ఆ పొద్దున్నే నవ్వాఫ్ రాత్రి డ్యూటీ దిగి ఫోన్ చూసుకుంటే ఊళ్లో తెలిసినవాళ్లందరి దగ్గర్నుంచీ కాల్స్ ఉన్నాయి. పక్కింటి రాకాన్‌కు చేశాడు. నవ్వాఫ్ గొంతు వినగానే అతను కెవ్వుమని ఫోన్ వదిలేశాడు. నవ్వాఫ్ వెనక్కి రెండుసార్లు చేసినా ఎత్తలేదు. అమ్మకేదో అయింది, తన దగ్గర దాస్తున్నారు. కట్టుబట్టలతో విమానమెక్కేశాడు.

ఎండ వాలుతూండగా గుడారం ముందు ట్యాక్సీ ఆగింది. అందులోంచి దిగిన మనిషి వరసగా వేసిన కుర్చీల్ని, కాఫీ కూజాల్ని చూసి, "అమ్మా! నన్ను వదిలి పోయావా అమ్మా!" అని గుండె బాదుకుంటూ లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

చచ్చిపోయినవాడే తన పరామర్శకు ఏడుస్తూ వచ్చేసరికి గుడారంలో వెనక వరస మొత్తం కుర్చీలతో సహా బోర్లాపడింది. షేక్ మున్జిర్ నోటికొచ్చిన ఖురాన్ వాక్యమల్లా చదివేస్తున్నాడు. అతల్లా వెళ్లి తమ్ముడి వీపు మీద బలంగా ఒక్కటి చరిచాడు. నవ్వాఫ్ "అబ్బా!" అనేసరికి, "బతికే ఉన్నాడ్రోయ్!" అని కేకపెట్టాడు. ఆ గోలకు చేతికర్ర పట్టుకుని హాజా ఫిద్దా వాకిట్లోకి వచ్చింది. నవ్వాఫ్ ఆమెను చూసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఎవరు పోయారురా?" అంది ఆమె. "ఒక్కడైనా చెప్పి చావండి!"

అందరూ షేక్ వంక చూశారు. షేక్ ఘాలిబ్ వంక చూశాడు. "పరాయిదేశంలో మీ మనిషి పోయాడని చెప్పింది నువ్వే కదయ్యా!"

"అమ్మ తాత అవ్వాద్ గురించి అన్నాను. ఎప్పుడు పోయాడని మీరడగలేదు."

ఇంక దాచి లాభం లేదు. ఘాలిబ్ తలొంచుకుని చనక్కలే సంగతి, రాతి మీద పేరు, శుక్రవారం విమానం, నాలుగు టిక్కెట్లు అన్నీ చెప్పేశాడు.

"నలుగురికేనా?" అన్నాడు అతల్లా. అతని గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ వినిపించింది. "ఆయన నాకూ ముత్తాతేగా. మేమేదో పుచ్చకాయలు తినడానికి వస్తామనుకున్నావా? సరేలే. అబూ షహాదా, కుర్చీలు తీసెయ్. కాఫీ పారబోయండి."

"ఆగండి," అంది హాజా.

ఆమె నెమ్మదిగా నడిచి వచ్చి, మొదటి వరసలో, చనిపోయినవాడి దగ్గరివాళ్లు కూర్చునే చోట కూర్చుంది.

"మా నాయనమ్మ బతికినన్నాళ్లూ రాత్రిళ్లు తలుపు గడియ పెట్టలేదు, అర్ధరాత్రి ఆయనొస్తే తట్టకుండా రావాలని. పరామర్శ పెట్టమని ఊరంతా చెప్పింది. పెడితే తన చేతులతో తనే ఆయన్ని చంపినట్టని ఒప్పుకోలేదు. మా నాన్న కూడా పెట్టలేదు. ఒక్కడంటే ఒక్కడు ఆయనకోసం ఒక కప్పు చేదు కాఫీ తాగలేదు." ఆమె చుట్టూ చూసింది. "ఇవాళ కుర్చీలున్నాయి, కాఫీ ఉంది, ఊరంతా ఉంది. నాకు ఏడవడానికి తాత ఉన్నాడు. మీరు వచ్చింది వృథా కాలేదు నాయనా. కూర్చోండి."

ముందు అతల్లా కూర్చున్నాడు. పడిపోయిన కుర్చీలు ఎత్తుకుని తక్కినవాళ్లూ కూర్చున్నారు. షేక్ మున్జిర్ గొంతు సవరించుకుని, పేరు తప్పు పోకుండా రెండుసార్లు అడిగి మరీ, అవ్వాద్ కోసం ఫాతిహా చదివాడు. తర్వాత ఒక్కొక్కరూ లేచి వచ్చి, "దేవుడు నీకు ఓర్పునివ్వాలి హాజా" అంటూంటే, ఆమె నిన్నో మొన్నో తండ్రి పోయిన పిల్లలా ఏడ్చింది. నవ్వాఫ్ ఆమె కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. తనకోసం కాచిన కాఫీని తాత కోసం తాగాడు.

ఘాలిబ్ గుడారం వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఎవరికి చెబితే పీకల మీదికొస్తుందని నిన్నంతా గోడలకు చెవులు మూశాడో, వాళ్లే ఎవరు పోయారో కూడా సరిగ్గా తెలుసుకోకుండా, అడక్కుండా, పిలవకుండా వచ్చేశారు. మాంసం పళ్లేలు తెచ్చారు, గుడారం వేశారు, అతని మతి చలించిందనుకుని అతని పనులన్నీ నెత్తిన వేసుకున్నారు. ఇటువంటి మనుషుల్ని ఇచ్చినందుకు దేవుడికి ఎలా కృతజ్ఞత చెప్పాలో అతనికి తెలియలేదు. ముందు మనుషులకు చెబుదామని, కూజా అందుకుని వరసలో కాఫీ పోయడం మొదలుపెట్టాడు.

పరామర్శ అంటే మూడు రోజులు. శుక్రవారం విమానం నలుగురూ లేకుండానే ఎగిరిపోయింది. ఇంట్లో ఎవరూ దానికోసం ఆకాశం వంక చూడలేదు.

మూడో రోజు సాయంత్రం ఘాలిబ్ గుడారం మధ్య నిలబడ్డాడు. "వచ్చే నెల వెళ్తున్నాం. ఈసారి రాదలచినవాళ్లంతా రండి. అది తాత ఇల్లే అనుకోండి," అన్నాడు. చేతులు లేస్తూనే పోయాయి. నవ్వాఫ్ సెలవు పెట్టి తిన్నగా అక్కడికే వస్తానన్నాడు. ఎన్ని చేతులు లేచాయో లుజైన్ రెండుసార్లు లెక్కపెట్టి మానేసింది. హాజా అందర్నీ చూసి తృప్తిగా, "మా తాత ఒక్కడే పోయాడు. మనం అలా వెళ్లకూడదు," అంది.

అద్దె ఇవ్వబోతే అబూ షహాదా పుచ్చుకోలేదు. తనకు విమానంలో కిటికీ పక్క సీటు చాలన్నాడు.

అతల్లా ఘాలిబ్‌ను పక్కకు పిలిచి, విమానంలో బొగ్గుల పొయ్యి ఎక్కనిస్తారా అని అడిగాడు.

ఎక్కనివ్వరని ఘాలిబ్ చెప్పాడు; అయితే అక్కడే కొందామని అతల్లా అన్నాడు.