ఫిద్దా అత్త వాకిట్లో అంతర్జాతీయ కాలిబాట

అయ్యలారా, అమ్మలారా! మీ ఇంటి మధ్యలోంచి ఒక కాలిబాట పోతే ఎంత అదృష్టమో మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను. పక్కనుంచి కాదు, ఎదురుగా కాదు, సరిగ్గా మధ్యలోంచి! ముందు గేటులో ప్రవేశించి, ద్రాక్ష పందిరి కింద నడిచి, కోళ్ల గూడు దాటి, వెనక గేటు గుండా అడవిలో కలవాలి. ఇంతకంటే భాగ్యం ఏ ఇంటికైనా పడుతుందా?

నమ్మకపోతే మా అజ్లూన్ కొండలకు రండి. మా ఊరు రాస్ సిందియాన్‌లో మా మేనత్త ఫిద్దా ఇంటికి ఆ భాగ్యం పట్టి రెండేళ్లయింది.

కొండల్లో నడవడం మాకు చేతకాదనుకునేరు. మేమూ నడిచేవాళ్లమే. కాకపోతే మేకల వెనకో, కట్టెల కోసమో, పక్క ఊళ్లో పెళ్లికో నడిచేవాళ్లం. పని లేకుండా నడవొచ్చని, నడిచి నడిచి బయల్దేరిన చోటికే తిరిగొస్తే చప్పట్లు కొడతారని మాకెవరు చెప్పారు గనక! ఆ జ్ఞానం ఇప్పుడు ప్రతి శుక్రవారం రాజధాని అమ్మాన్ నుంచి బస్సుల్లో వచ్చి దిగుతోంది. పాతికేళ్ల వాళ్లు కూడా రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని దిగుతున్నారు. మా తాత ఎనభయ్యో ఏట ఒక్క కర్ర పట్టుకుంటేనే అయ్యో ముసలాడైపోయాడే అని ఊరంతా పలకరించి వెళ్లింది.

సరే, అదృష్టం ఎలా పట్టిందో వినండి.

రెండేళ్ల కిందట కాలిబాటల ప్రాజెక్టు వాళ్లు ఖుతైబా అనే సర్వేయరును పంపారు. ఆయన మెడలో ఒక యంత్రం. ఆయన ఎటు నడిస్తే అది అటు గీత గీస్తుంది. ఆ గీతే రేపటి బాట. మండుటెండలో ఓక్ చెట్ల మధ్యనుంచి చెమటలు కక్కుతూ ఆయన కిందికి దిగేసరికి గుమ్మంలో మా అత్త కూర్చుని ఉంది.

మా వైపు గుమ్మంలో కూర్చున్న మనిషి దారిన పోయే మనిషిని చూసి ఊరుకోకూడదు. "రండి, లోపలికి రండి" అనాలి. పోయేవాడు గుండె మీద చెయ్యి వేసుకుని "మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ" అని, అడుగు ఆపకుండా సాగిపోవాలి. మూడోసారి కూడా పిలిస్తే అప్పుడు నిజంగా పిలిచినట్టు లెక్క. ఇది మేము బడికి పోకముందే నేర్చుకున్న చదువు.

మా అత్త మూడుసార్లూ పిలిచింది. ఖుతైబా వచ్చాడు. టీ తాగాడు. ఎండ ముఖం మీద పడుతుంటే పందిరి కింద నీడతో పాటు చాప జరుపుకుంటూ ఇంకో టీ తాగాడు. పెరట్లో ఉన్న మరుగుదొడ్డికి వెళ్లొచ్చాడు. "వెనక గేటు నుంచి పోతే దగ్గర నాయనా" అని అత్త చెబితే అటునుంచి అడవిలోకి వెళ్లిపోయాడు. యంత్రం ఆపాలన్న సంగతి ఆయన మరిచిపోయాడు. అది మాత్రం తన పని తాను శ్రద్ధగా చేసుకుపోయింది.

ఆ గీతే మ్యాపులో అచ్చయింది! పై దేశాల వాళ్లెవరో దానికి గుర్తింపు ఇచ్చి, ఒక ముద్ర కూడా వేశారు. అత్త గేటు స్తంభానికి ఎరుపూ తెలుపూ పట్టీలు పూశారు. "ఇక్కడ బాట ఆసక్తికరమైన మలుపులు తిరుగుతుంది" అని కరపత్రంలో రాశారు. నలభై మంది చదువుకున్నవాళ్లు ఫోన్లలోకి చూసుకుంటూ పందిరి కింద ఒక ప్రదక్షిణ చేసి, బారుగా మరుగుదొడ్డి తలుపు దాకా వెళ్లి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించి వెనక్కి తిరగడం నేను కళ్లారా చూశాను. మక్కాకు పోయినవాళ్లలో కూడా అంత నిష్ఠ చూడలేదు.

ఇక అత్త సంగతి. మనిషి కనిపించగానే ఆమె నోరు "రండి" అంటుంది. వీళ్లు మొదటి పిలుపుకే కూర్చుంటారు! వీళ్లలో విదేశీయులకైతే తెలియదనుకుందాం. అమ్మాన్ వాళ్లకేమైంది? వాళ్ల అమ్మమ్మలు కూడా ఇలాంటి గుమ్మాల్లో కూర్చున్నవాళ్లే కదా? కానీ కరపత్రంలో "పల్లెవాసుల ఆతిథ్యాన్ని కాదనకండి, నొచ్చుకుంటారు" అని ఉంది. అచ్చులో ఉన్న మాట ముందు అమ్మమ్మ మాట ఎంత!

దీనివల్ల అత్తకు కలిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు. డెబ్భై ఏళ్ల మనిషికి టీ పళ్లెంతో రోజంతా వ్యాయామం! లోకజ్ఞానం మాటేమిటి? పాలు ముట్టని మనుషులుంటారని, గోధుమ రొట్టె చూసి భయపడేవాళ్లుంటారని ఆమెకు ఈ వయసులో తెలిసింది. ఒకావిడ గుడ్డు చేతిలోకి తీసుకుని "మీ కోళ్లు స్వేచ్ఛగా తిరుగుతాయాండీ?" అని అడిగింది.

"నాకంటే స్వేచ్ఛగానే తిరుగుతాయమ్మా" అంది అత్త.

నేను ఉండబట్టలేక ఒకసారి అడిగాను. "అత్తా, పిలవకపోతే ఏం?"

"గుమ్మం ముందుకొచ్చిన మనిషిని చూసి నోరు మూసుకోమంటావా? మా వదిన నీకు నేర్పింది ఇదేనట్రా?"

"గుమ్మం ముందుకు కాదే, గుమ్మంలోంచే పోతున్నారు."

"అయితే మరీ పిలవాలి కదరా!"

"పోనీ, ఒక్కసారే పిలువు. మూడుసార్లు అనకు."

"మూడోసారి అననిస్తేగా! నేను నోరు తెరిచేలోపు బూట్లు విప్పుకుంటున్నారు."

ప్రాజెక్టు ఆఫీసుకు అర్జీ పెట్టాను. ఏడాది తర్వాత ఒక అధికారి ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడాడు. "గీత జరిపితే గుర్తింపు పోతుందండీ. పైగా మీ అత్తగారి ఇల్లే ఈ బాటకు హైలైట్. అయిదింటికి నాలుగున్నర నక్షత్రాలు!"

"ఆ అర ఎందుకు తగ్గిందండీ?"

"టీలో పంచదార ఎక్కువని కొందరు రాశారు. ఆవిడకు కాస్త చెప్పండి."

చూశారా! తప్పు ఎక్కడుందో ఆఫీసు ఎంత తొందరగా కనిపెట్టిందో!

ఈ శరత్కాలం వాన పడకముందే అత్త జాడీలు అడుగంటాయి. నూనెలో వేసిన పెరుగు ఉండలు, వాల్‌నట్లు కూరి ఊరేసిన వంకాయలు, ఆలివ్ కాయలు, ఎండు అత్తిపళ్లు... చలికాలమంతా తినాల్సినవి అక్టోబరులోనే అయిపోయాయి. మొన్న శుక్రవారం నేను ఒక డబ్బా ఆలివ్ కాయలు పట్టుకుని వెళ్లేసరికి గేటు మూసి ఉంది. నా యాభై రెండేళ్లలో ఆ గేటు పగటిపూట మూసి ఉండగా చూడలేదు. గట్టిగా తట్టాను.

లోపలినుంచి గుసగుసగా వినిపించింది. "ఇంట్లో ఎవరూ లేరు."

"అత్తా, నేను!"

కాసేపటికి గేటుకు అవతల దగ్గరగా గొంతు పలికింది. "నువ్వొక్కడివేనా? పిలిస్తే పెట్టాలిరా. పెట్టడానికి ఏమీ లేదు. పిలవకుండా వాళ్ల మొహాలు చూడలేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. చప్పుడు చెయ్యకు, వాళ్లొచ్చే వేళయింది."

వచ్చారు కూడా. ఫోన్లు చూసుకున్నారు, గేటు చూశారు, మళ్లీ ఫోన్లు చూసుకున్నారు. తర్వాత గోడ పక్కనుంచి తిరిగి అవతలికి వెళ్లారు. దానికి సరిగ్గా అర నిమిషం పట్టింది. ఏ గీత జరిపితే కొంప మునుగుతుందని ఆఫీసు అందో, ఆ గీత అర నిమిషంలో జరిగిపోయింది!

చివర్లో వస్తున్న ఒక టోపీ అమ్మాయి ఆగి నన్ను అడిగింది. "ఈ ఇంట్లో ఎవరైనా ఉంటారా అంకుల్?"

"లేరమ్మా, ఖాళీ" అన్నాను. గేటుకు అవతల అత్త ఊపిరి బిగబట్టి నిలబడి ఉందని తెలిసి కూడా అన్నాను. ఆ అమ్మాయి గేటుకు ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

మూడు రోజుల్లో మ్యాపు మారిపోయింది. కంగారుపడకండి, గీత అక్కడే ఉంది. అత్త ఇంటి దగ్గర ఒక చిన్న గుర్తు పెట్టి, కింద ఇలా రాశారు: "పాతకాలపు ఇల్లు. ఎవరూ నివసించడం లేదు. ఫొటోలకు బాగుంటుంది."

ఏడాది పట్టిన ఆఫీసు మూడు రోజుల్లో కదిలింది కదా, ఇదే అదను, ఇంకో అర్జీ రాసి పడేద్దాం, ఆ ఇంట్లో నిక్షేపంలాంటి మనిషి ఉందని చెబుదాం అని కాగితం పట్టుకుని వెళ్లాను. అత్త వెనక గేటు ఓరగా తీసి నన్ను లోపలికి లాగింది. కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"రాయకురా" అంది. "నేను లేననుకుంటేనే నా ఇంట్లో నన్ను ఉండనిస్తున్నారు."