గంగాధర మెచ్చిన ప్రకటన

ఆ సోమవారం పొద్దున గంగాధర పెట్టుకున్న పని ఒక్కటే. యజమాని బాబా రెండో గావా కాఫీ తాగి మంచి మనసు మీద ఉన్న సమయం చూసి సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. కువైట్‌లో, అర్దియాలోని బాబా ఇంట్లో డ్రైవరుగా చేరి మూడేళ్లు కావస్తోంది. అతను రాయచోటి దగ్గరి ఊరి నుంచి విమానమెక్కిన రెండు నెలలకు పుట్టిన కూతురికి ఇప్పుడు రెండేళ్ల పది నెలలు. పుట్టువెంట్రుకలు తండ్రి లేకుండా తీయకూడదని భార్య పుష్పలత పట్టుపట్టి కూర్చుంది. మూడేళ్లు దాటితే తీయకూడదని ఆమె తల్లి పట్టుపట్టి కూర్చుంది. వాళ్లిద్దరి మధ్యా పిల్ల జుట్టు నడుము దాకా వచ్చేసింది.

ఆ పిల్లకు నాన్నంటే ఫోను. "నాయిన యాడుండాడు?" అని అడిగితే ఫోను చూపిస్తుంది. అది చార్జింగులో ఉంటే "నాయిన బువ్వ తింటాండాడు" అంటుంది. ఆ మాటకు ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారని పుష్పలత చెప్పింది. గంగాధర కూడా నవ్వి, ఫోను పెట్టేసి, బాబా కారులో అద్దాలన్నీ ఎత్తుకుని ఏడ్చాడు.

ఇక అతనికున్న రెండో సంగతి ప్రకటనల పిచ్చి. లోకమంతా సీరియల్ చూసి, ప్రకటన రాగానే నీళ్లు తాగడానికి లేస్తుంది. గంగాధర సీరియల్ రాగానే లేస్తాడు. "సీరియల్లో ఏముండాదప్పా? పోయిన ఏడు మెట్లు దిగను మొదలుపెట్టిన అత్త ఇంగా దిగతానే ఉండాది" అనేవాడు. సిమెంటు ప్రకటనలో యాభైమంది బృందగానం విన్నాక, ఇల్లు కట్టడానికి మేస్త్రీలు అక్కర్లేదు, భజన మండలి చాలునని తేల్చేశాడు. బనియన్ వేసుకున్నవాడు పదిమందిని చితకబాదితే, "మనమూ అదే బనియన్ గదా ఏస్కుండేది, ఒక్క సూపర్‌వైజర్ని గూడా కొట్టలేకపోతిమే" అని వాపోయేవాడు. నొప్పి మాత్రల పాట విన్నాక లేని నొప్పి వస్తుందని, ఆ కంపెనీ వాళ్లు అందుకే ఆ పాట కట్టించారని అతని గట్టి నమ్మకం. ఈ అభిప్రాయాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పెడితే, బ్నీద్ అల్ గార్ నుంచి వఫ్రా తోటల దాకా ఉన్న మనవాళ్లు పని ఆపుకుని వినేవారు.

ఆ కీర్తి ఎవరి నోట పడి వచ్చిందో, బాబా చెవిలోనూ పడింది.

"సంతకం పెడతాను. ముందు నాకో పని చేసిపెట్టు" అన్నాడు బాబా గావా కప్పు కింద పెడుతూ. "మా అబ్బాయి యూసుఫ్ మన కొత్త వ్యాపారానికి ప్రకటన తీశాడు. పాట కూడా వాడే కట్టాడు. మీ తెలుగు చానెల్లో ఇవాళ పదకొండింటికి వంటల కార్యక్రమం వస్తుంది. మొదటి విరామంలో మొదటి ప్రకటన మనదే. చూసొచ్చి ఎలా ఉందో చెప్పు."

"దేని గురించి బాబా?"

"అది చెప్పను. చెబితే చూడకుండా ఇక్కడే పొగిడేస్తావు."

గంగాధర అరబ్బీలో నిన్న, నేడు, రేపు అన్నింటికీ ఒకే మాట. అయినా మూడేళ్లలో వాళ్లిద్దరి మధ్య ఏ మాటా తప్పిపోలేదు. ఆ రోజు కూడా తప్పిపోలేదు. బాబా వ్యాపారం సంగతే ఎవరికీ అంతుపట్టదు. ఒక ఏడు టైర్లు, ఒక ఏడు ఏసీలు, ఒక ఏడు పావురాల దాణా. ఈ ఏడు ఏమిటో, యజమానురాలు మామానూ పిల్లలనూ కారులో తిప్పే గంగాధరకు తెలిసే దారి లేదు.

మగ అతిథులు కూర్చునే దివానియాలో టీవీ ఉన్నా, సాయంత్రం దాకా దానికి తాళమే. లోపలి ఇంట్లో టీవీలు రెండే. ఒకటి ఆడవాళ్ల హాల్లో, ఒకటి వంటింట్లో. డ్రైవరు ఆ గడపలు దాటే ఆచారం లేదు. కాబట్టి గంగాధర పిల్లలను బడిలో దించి, నేరుగా అన్వర్ బాషా గదికి పోయాడు. అన్వర్ బాషాది కూడా రాయచోటే. రాత్రి డ్యూటీ బేకరీలో, పగలు మంచం మీద. ఆ గదిలో ఇంటర్నెట్ బాక్సు ఉంది. నాలుగు వందల చానెళ్లు, తెలుగువే నలభై.

"నువ్వు పొగడల్లనా? నీకు చాతనయితాదా భాయ్?" అన్నాడు అన్వర్ బాషా దుప్పటిలోంచి. "పోయిన రంజాన్‌కు మా ఇంటి బిర్యానీకే వంక పెట్టినోడివి."

"పిల్ల కోసరం బాషా. అది గాడిద పాటైనా సరే, గంధర్వగానం అంటా."

పదకొండయింది. వంటలక్క వంకాయలు చీరి ఉప్పునీళ్లలో వేసింది. విరామం. మొదటి ప్రకటన వచ్చింది.

అది మరుగుదొడ్డి కడిగే మందు. ఆకుపచ్చ పురుగులు కిరీటాలు పెట్టుకుని గుంపులు గుంపులుగా చిందులేస్తున్నాయి. వెనక సన్నాయి, దాని మీద డప్పు, దాని మీద ఎవడో ఇంగ్లీషులో తిట్టినట్టు గబగబా పాడుతున్నాడు. కోడలు సీసా వంచింది. పురుగులు బృందగానం చేస్తూ చచ్చాయి. అత్తగారు మరుగుదొడ్డికి హారతి ఇచ్చింది.

"యూసుఫ్ బాబు ఇంత పని చేసినాడా?" అన్నాడు అన్వర్ బాషా.

 మామూలు రోజైతే గంగాధర ఆ సన్నాయి ఒక్కదాని మీదే అరగంట మాట్లాడేవాడు. ఈ రోజు దాన్ని మెచ్చుకోవాలి. ఇద్దరూ కూర్చుని మెచ్చుకోలు తయారుచేశారు. అన్వర్ బాషా బాబా అయ్యాడు. గంగాధర పొగడటం సాధన చేశాడు. మొదటి రెండుసార్లు పొగడబోతే తిట్లే వచ్చాయి. మూడోసారి ఫరవాలేదనిపించింది.

మధ్యాహ్నం నమాజు కాగానే బాబా పిలిచాడు. బల్ల మీద సెలవు కాగితం, దాని మీద కలం. గంగాధర చూపు కలం మీదే ఉంది.

"పాట ఎట్లుంది?"

"చాలా బాగుంది బాబా! ఆ పాటకు పురుగులన్నీ డాన్సు చేస్తున్నాయి." పురుగుకు అరబ్బీ మాట అతనికి బాగా తెలుసు. వఫ్రాలోని బాబా టమోటా తోటకు బండి తోలిన ఆరు నెలల్లో ఎక్కువ విన్న మాట అదే.

బాబా చెయ్యి కలం దగ్గర ఆగిపోయింది. "పురుగులా? మన దాంట్లోనా?"

"మన దాంట్లోనే బాబా! వేలకు వేలు. ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో!"

"మీవాళ్లు చూస్తే కొంటారా?"

"కొనక ఏం చేస్తారు? ప్రతి ఇంట్లోనూ కొంటారు. మా ఇళ్లల్లో కంపు ఎక్కువ కదా."

పురుగులు చచ్చే సంగతి చెప్పబోయేలోగా బాబా లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా అయింది. కొడుక్కి ఫోను చేసి నిద్ర లేపాడు. ఏ గోనె విప్పి షూటింగ్ చేశావని అరిచాడు. గోదాములో ఏది దగ్గరగా ఉంటే అది విప్పానని యూసుఫ్ అన్నాడు. తనకు పురుగులేవీ కనబడలేదన్నాడు. "నీకు కనబడవు! డ్రైవరు కన్ను వేరు!" అని బాబా ఫోను విసిరేసి, "యల్లా, కారు తియ్యి" అన్నాడు.

గోనె ఏమిటో, మందు గోనెల్లో ఎందుకు వస్తుందో గంగాధరకు అర్థం కాలేదు. కలం మాత్రం మూత పెట్టి ఉంది. కారు తీశాడు. రెండో సిగ్నలు దగ్గర ఫోను మోగింది. ఇంట్లో వంటచేసే సంజీవమ్మ. ఆమె గొంతు కారు స్పీకర్లన్నింటిలోంచీ వచ్చింది.

"గంగాధరా, యూసుఫ్ బాబు అడ్వటేజు చూసినావా? నేనూ మామా వంటింట్లో చూస్తిమి. బియ్యం ఎంత తెల్లంగా ఉండాయో! మల్లెపూలు పోసినట్టు పోసినారు. పాటొకటే పిల్లి ఏడ్చినట్టుంది అనుకో."

స్టీరింగు చేతుల్లోంచి జారినంత పనయింది. "బియ్యమా అక్కా? కక్కసు మందు కాదా?"

"కక్కసు మందేంది? నువ్వు యాడ చూసినావు?"

"బాషా రూములో, బాక్సులో."

"ఓరి నీ పాసుగూల! బాక్సులో వచ్చేది ఇండియాది గదా. అక్కడి అడ్వటేజులు అక్కడివి, ఇక్కడ డిష్‌లో వచ్చేవి ఇక్కడివి. వంటలక్క ఒకతే, అడ్వటేజులు వేరే. మొన్న నువ్వే గదా మాకు చెప్పినావు!"

నిజమే. తనే చెప్పాడు. అదీ ఒక వాట్సాప్ ఉపన్యాసమే.

"ఎవరు? ఏమంటోంది?" అన్నాడు బాబా.

"సంజీవమ్మ బాబా. అన్నం అయిందంటోంది" అన్నాడు గంగాధర. అది సగం నిజమే.

గోదాములో బాస్మతి గోనెలు పైకప్పు దాకా ఉన్నాయి. బాబా ముగ్గురు పనివాళ్లను పిలిచి విప్పమన్నాడు. మొదటి గోనె విప్పారు. ముత్యాల్లాంటి బియ్యం. పదో గోనె విప్పారు. అదీ అంతే. బాబా గంగాధర వంక చూశాడు. ఇరవై విప్పారు. బాబా ఇంకోలా చూశాడు. ఇరవై ఐదో గోనె దగ్గరికి వచ్చేసరికి గంగాధర చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నోరు విప్పి నిజం చెప్పే ధైర్యం లేదు. బియ్యం ఏరి రాళ్లు తీసే ఇంట్లో పుట్టినవాడు, జీవితంలో మొదటిసారి బియ్యంలో పురుగులుండాలని వీరభద్రస్వామికి మొక్కుకున్నాడు. పిల్లతో పాటు తన గుండూ ఇస్తానన్నాడు.

ముప్పై ఒకటో గోనె వెనక గోడ వైపుది. అక్కడి ఏసీ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూడలేదు. విప్పగానే నల్లటి ముక్కుపురుగులు బిలబిలమని గోనె అంచుల మీదికి పాకాయి. ఆ వరసలో డెబ్బై గోనెలు అంతే.

బాబా గంగాధరను కౌగిలించుకున్నాడు. "రేపు ఇవన్నీ దుకాణాలకు పోవాల్సినవి! నా పేరు మట్టిలో కలిసేది. టీవీలో చూసి గోనెలో పురుగు పట్టుకున్న మనిషిని నేను పుట్టాక చూడలేదు!"

"బాబా, సెలవు..."

"సెలవా? కొత్త సరుకు వచ్చేదాకా నువ్వు ఎక్కడికీ పోవడానికి లేదు. ప్రతి గోనె నీ కళ్ల ముందు విప్పాలి. ఆరు నెలలాగు. ఇన్షా అల్లా, తర్వాత చూద్దాం."

ఆరు నెలలు. పిల్లకు మూడేళ్లు దాటిపోతాయి. ఫోనునే నాన్న అనుకుంటూ బడికి కూడా పోతుంది. గంగాధరకు ఏడుపొచ్చింది. అప్పుడే నిజం కూడా బయటికొచ్చింది. తాను వేరే ప్రకటన చూశానని, మన ప్రకటన చూడనే లేదని, పొగిడిందంతా సంతకం కోసమని చెప్పేశాడు. బాబా పకపకా నవ్వి భుజం తట్టాడు. "చూశారా ఎంత అణకువో!" అన్నాడు పనివాళ్లతో.

సాయంత్రానికి దివానియా నిండింది. బాబా స్నేహితులు ఎనిమిదిమంది కుర్చీల్లో చేరగిలబడి డ్రైవరు కంటి మహిమ వింటున్నారు. పురుగుల లెక్క ఒక్కో కప్పు చాయ్‌కి పెరుగుతోంది. అంతలో గంగాధర లోపలికొచ్చాడు. వెనకే నిద్రకళ్లతో అన్వర్ బాషా, చంకలో బాక్సు.

"బాబా, ఒక్క నిమిషం. అబద్ధమైతే నా ఇఖామా కొట్టేసి ఊరికి పంపేయండి" అని గంగాధర చేతులు జోడించాడు. అన్వర్ బాషా బాక్సును దివానియా టీవీకి తగిలించాడు. ఆ మందు కంపెనీ డబ్బుకు వెనకాడే రకం కాదు, పావుగంటకోసారి వేస్తోంది. సన్నాయి మోగింది. డప్పు మోగింది. కిరీటాలు పెట్టుకున్న పురుగులు దివానియా గోడంత టీవీ మీద చిందులేశాయి.

"ఇవే బాబా పురుగులు" అన్నాడు గంగాధర సన్నగా.

 ఒక ముసలాయన గొంతులోంచి చాయ్ ముక్కులోకి వచ్చింది. ఎనిమిదిమందీ ఒకేసారి నవ్వారు. "అబూ యూసుఫ్, నీ బియ్యంతో కడిగితే ఇల్లు మెరుస్తుందా?" అన్నాడొకడు బాబాతో. హారతి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు కుర్చీల్లోంచి జారిపోయారు.

బాబా మాత్రం నవ్వలేదు. "నన్ను మోసం చేశావా? నా స్నేహితుల ముందు నన్ను పిచ్చివాణ్ణి చేశావా? ఖలాస్!" అని లోపలికి పోయాడు. బీరువా తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. బయటికొచ్చి పాస్‌పోర్టు, మడిచిన కాగితం గంగాధర మీదికి విసిరాడు. "పో! నీ ముఖం నాకు చూపించకు!"

ఖలాస్ అంటే అన్నీ అయిపోయినట్టే. వీసా కొట్టేశారు. ఇక కువైట్ లేదు, జీతం లేదు. గంగాధర కాళ్లీడ్చుకుంటూ గేటు బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. అరబ్బీ అక్షరాలు చదవగలిగిన అన్వర్ బాషా కాగితం విప్పి, వీధిదీపం కింద పట్టుకుని, ఒకసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"భాయ్, ఇది కొట్టేసిన కాయితం కాదప్పా. సెలవు కాయితం. కోపంలో నువ్వు రాసిన ముప్పై దినాలు కొట్టేసి, అరవై అని దిద్ది సంతకం పెట్టినాడు."

మూడేళ్లు మంచి డ్రైవరు అనిపించుకున్నా నెల రోజుల సెలవు రాలేదు. ముఖం చూపించకు అనిపించుకున్న పూటే రెండు నెలలు వచ్చింది.