అత్తయ్య గుండె ఇంకా పూర్తి కాలేదు

మాట ఇవ్వడం మనుషుల పని, అది నెరవేరడం దైవాధీనం అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ఆ రెండు బాధ్యతలనూ ఒక కంప్యూటరు నెత్తిన వేసుకుంది. ఈ మహత్తర మార్పు మా ఊరి ఆసుపత్రి రెండో అంతస్తులో, లిఫ్టు పక్కనున్న అద్దాల గదిలో మొదలైంది. తలుపు మీద 'మాటలు మరియు ధారల సమన్వయ విభాగం' అని రాసి ఉంటుంది. (లిఫ్టు పనిచేయదు. అది వేరే విభాగం.)

మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. గుండె కాస్త తడబడుతోందని ఆవిడను ఆ ఆసుపత్రిలో చేర్పించాం. మందులిచ్చారు, ఛాతీకి వైర్లు అంటించారు, చివరికి ఒక ఉదయం డాక్టరుగారు వచ్చి "భేషుగ్గా ఉన్నారమ్మా, ఇంటికెళ్లిపోండి" అన్నారు. సోమవారం బళ్లు తెరుస్తారు. ఇంట్లో మిషను పక్కన కత్తిరించిన గుడ్డ గుట్టగా పడి ఉంది. చొక్కాలకు చేతులు లేవు, లాగులకు నడుంపట్టీలు లేవు.

"పిల్లలు తొలిరోజున పాతబట్టలతో పోతారురా. వాళ్లమ్మలు నా మొహాన ఏమంటారో" అని అత్తయ్య దిగులు. గుండె గురించి ఆవిడ అందులో సగం దిగులైనా పడగా నేను చూడలేదు.

వెనకటికి డిశ్చార్జ్ అంటే ఒక నర్సు కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగి సంతకాలు పెట్టించేది. అది అనాగరికమని నిపుణులు తేల్చారు. కొత్త పద్ధతిలో ఎవరూ ఎక్కడికీ తిరగరు, ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. ప్రతి విభాగమూ కంప్యూటరుకు ఒక మాట ఇచ్చి తన పనిలో తాను పడిపోతుంది. మందుల సంచి కడతామని మందులవాళ్లు, ఆఖరి పరీక్ష రాసి పంపుతామని ల్యాబువాళ్లు, రోగి చేతిలోంచి చెంచా వెనక్కి తీసుకుంటామని క్యాంటీనువాళ్లు మాట ఇస్తారు. కంప్యూటరు ఆ మాటలన్నిటినీ ఒక మూట కట్టి, అన్నీ నెరవేరిన క్షణాన డిశ్చార్జ్ ఇస్తుంది. ఒక్క మాట తప్పినా మూటంతా తప్పినట్టే లెక్క.

ఆ ఉదయం చక్రాల కుర్చీ విభాగం మాట తప్పింది. కుర్చీ ఉందట, ఒక చక్రం లేదట. మరుక్షణం మందుల సంచి వెనక్కి వెళ్లింది, చెంచా తిరిగి వచ్చింది, డాక్టరుగారి 'భేషుగ్గా'ను రద్దు చేశారు. అత్తయ్య అధికారికంగా మళ్లీ జబ్బుమనిషి అయింది.

"నాకు కుర్చీ ఎందుకమ్మా, నడిచిపోతాను కదా" అంది అత్తయ్య.

నడక ఏ విభాగం కిందికీ రాదనీ, కాబట్టి దాని తరఫున మాట ఇచ్చేవాళ్లు లేరనీ నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది.

మధ్యాహ్నానికి చక్రం దొరికింది. మాటలన్నీ మళ్లీ ఇచ్చారు, అన్నీ నెరవేరాయి. గోడ మీది తెర 'డిశ్చార్జ్ జరుగుతోంది' అని చూపించింది. పొద్దువాలే వేళకు కూడా జరుగుతూనే ఉంది. నేను అద్దాల గదికి వెళ్లాను. సమన్వయాధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, వివరాలు చూసి, తల పంకించాడు.

"మాటలన్నీ వచ్చేశాయండి. ఒక్క ధార మాత్రం మిగిలింది."

"ధార అంటే?"

"మాటంటే ఒక్కసారి వచ్చేది. వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. ధార అలా కాదండీ, వస్తూనే ఉంటుంది. మీ అత్తయ్యగారి గుండె చప్పుడు ధార. పోయిన నెల నుంచి మాటల్నీ ధారల్నీ కలిపి ఒకే మూట కడుతున్నాం." ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహంలో కన్నతండ్రి సంతోషం కనిపించింది.

"అయితే ఆ ధార ఎప్పటికి పూర్తవుతుంది?"

"చప్పుడు రావడం ఆగినప్పుడండి."



"మామూలుగా ఎంత టైం పడుతుందండీ?" అన్నాను.

"అది పేషెంటుని బట్టి ఉంటుంది."

వచ్చిన చప్పుళ్లలో చివరిదాన్ని తీసుకుని సరిపెట్టుకోమని బతిమాలాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అదే చివరిదని ఎలా చెప్పగలమండీ? తర్వాత ఇంకోటి వస్తే?" అన్నాడు.

"ఇంతవరకు ఎవరికైనా పూర్తయిందా?"

"పై అంతస్తులో ఒకాయనకి పోయిన వారం పూర్తయిందండి. చిటికెలో డిశ్చార్జ్ వచ్చేసింది. ఇంట్లోవాళ్లే కాస్త ఇబ్బంది పడ్డారు."

వార్డుకు తిరిగి వచ్చి నర్సమ్మను ఆ వైర్లు తీసేయమని అడిగాను. "డిశ్చార్జ్ వస్తేనే తీయాలండి, నా చేతుల్లో లేదు" అంది. ఆవిడ మొహం చూస్తే నిజంగానే బాధపడుతున్నట్టుంది. ఇక అత్తయ్యకు చెప్పక తప్పలేదు. నాకు చేతనైనంత మెత్తగా చెప్పాను.

"అంటే నేను పోతే పంపిస్తారన్నమాట" అంది అత్తయ్య.

"అలా అని ఎక్కడా లేదు అత్తయ్యా. పూర్తయితే అని ఉంది."

ఆవిడ నైటీ గల్లా సర్దుకుని, ఛాతీ మీది వైర్లను, బట్టకు గుచ్చిన గుండుసూదులు తీసినట్టు, ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

పక్క మంచం మీద పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఉన్నారు. "అలా చేయకూడదమ్మా. రూల్సు ఒప్పుకోవు" అన్నారాయన, తన వైర్ల మీద చెయ్యి వేసుకుని.

మంచం పక్కనున్న తెర మీద గుండె గీత చదునైపోయింది. అత్తయ్య నా ఎదురుగానే కూర్చుని జడ వేసుకుంటోంది. అయినా ఆ గీతను చూసి ఎవరైనా పరిగెత్తుకొస్తారని తలుపు వైపు చూశాను. ఎవరూ రాలేదు. గంట మోగలేదు. నాకు అప్పుడు నిజంగా భయమేసింది. ఆ వైర్లు ఊడకుండా గీత చదునైనా ఎవరూ వచ్చేవాళ్లు కారు. కొత్త పద్ధతిలో గుండె ఆగడం ప్రమాదం కాదు, పని పూర్తికావడం.

నా ఫోను మోగింది. 'అభినందనలు. మీ రోగి ధార విజయవంతంగా పూర్తయింది. డిశ్చార్జ్ మంజూరైంది. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తారు?' ఇంతలో మందుల సంచీ, నాలుగు చక్రాలతో కుర్చీ వచ్చాయి. అత్తయ్య సంచి తీసుకుని కుర్చీని వదిలేసి నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ కాగితం చదివాడు, అత్తయ్యను చూశాడు, మళ్లీ కాగితం చదివాడు. కాగితమే సరైనదని నిర్ణయించుకున్నట్టున్నాడు, టోపీ తీసి నిలబడ్డాడు.

సోమవారం పిల్లలు కొత్త బట్టలతో బడికి వెళ్లారు. తర్వాత చెకప్ కోసం ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పూర్తయినవారికి చెకప్ ఉండదని చెప్పి, మా కుటుంబానికి సానుభూతి తెలిపారు. అత్తయ్య కేసు అద్దాల గది గోడకెక్కిందని విన్నాను. మాటలు, ధార, అన్నీ కలిసి ఒక్క పొరపాటు కూడా లేకుండా పూర్తయిన కేసుకు నమూనాగా పెట్టారట.

లెక్కల మాస్టారు మాత్రం ఇంకా అక్కడే ఉన్నారు. బతికుండగానే డిశ్చార్జ్ కావాలని ఆయన పట్టుదల.